పాత అంబాసిడర్ కారు ఇంజనులో వాల్వుల మరమ్మతు

ఒకప్పుడు ప్రభుత్వ కార్యాలయముల ముందును, టాక్సీ స్టాండులలోను, కొద్దిగా కలిగిన రైతుల లోగిళ్ళలోను ఎక్కడ చూచినను అంబాసిడర్ కారే కనబడెడిది. పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారా ఫాక్టరీలో దీని తయారీ 2014వ సంవత్సరములో నిలిచిపోయినది. అయినను పల్లెలలో ఈ కార్లు ఇంకను అక్కడక్కడ నడుచుచునే ఉన్నవి. విత్తనపు సంచులు, పంపుసెట్టు సామాను, మార్కెట్టుకు పోవు కూరగాయల గంపలు మోయుటకు దీని వెనుక డిక్కీ చాలును. మట్టి బాటలకు దీని అడుగు ఎత్తు సరిపోవును.

వ్యవసాయ పత్రికలో కారు సంగతి ఏల అని కొందరు అడుగవచ్చును. ఈ ఇంజను తెలిసిన పాత మేస్త్రీలు క్రమముగా తగ్గిపోవుచున్నారు. క్రొత్త కార్ల మెకానిక్కులలో చాలమందికి చేతితో వాల్వుల సందు సరిచేయు అలవాటు లేదు. క్రొత్త ఇంజనులు అనేకము ఆ పనిని తమంతట తామే చేసికొనును. అందువలన చిన్న సర్దుబాటుతో పోవలసిన లోపము హెడ్డు మార్చువరకు పోవుచున్నది. పైగా ఇచ్చట చెప్పు విషయములలో సగము మీ ఆయిల్ ఇంజనుకును, ట్రాక్టరుకును కూడ వర్తించును. కొలతలు మాత్రము ఏ ఇంజనువి ఆ ఇంజనువే.

ఈ వ్యాసము 1489 సి.సి. పెట్రోలు ఇంజనును గురించినది. అంబాసిడర్ మొదట వచ్చిన రోజులలో వాల్వులు సిలిండరు ప్రక్కన ఉండెడివి. కొలది కాలమునకే వాల్వులు పైన హెడ్డులో ఉండు ఈ ఇంజను వచ్చి, దశాబ్దముల తరబడి సాగినది. డీజిలు ఇంజను గాని, తరువాత వచ్చిన ఇసుజు ఇంజను గాని ఉన్న కార్ల వారు ఈ అంకెలను వాడరాదు.

వాల్వు చేయు పని

బావిలో వేసిన పంపునకు అడుగున ఫుట్ వాల్వు ఉండును. అది సరిగా మూసికొననియెడల మోటారు ఎంత తిరిగినను నీరు పైకి ఎక్కదు. ఇంజను సంగతియు ఇంతే. ఒక్కొక్క సిలిండరునకు రెండు వాల్వులు. ఒకటి పెట్రోలు కలిసిన గాలిని లోనికి రానిచ్చును. దీనిని ఇన్లెట్ వాల్వు అందురు. రెండవది కాలిన పొగను బయటకు పంపును. ఇది ఎగ్జాస్టు వాల్వు. గాలిని నొక్కునప్పుడును, అది మండునప్పుడును రెండును బిగువుగా మూసికొని ఉండవలెను.

వీనిని తెరచు ఏర్పాటు క్రిందినుండి పైకి ఇట్లుండును. ఇంజను దిమ్మెలో కామ్ షాఫ్టు అను ఇరుసు గలదు. దానిపై కోడిగ్రుడ్డు ఆకారపు మెట్టలు ఉన్నవి. మెట్ట పైకి వచ్చినపుడు టాపెట్ అను ఇనుప గిన్నెను ఎత్తును. టాపెట్ లోపల నిలిచిన సన్నని పుష్ రాడ్డు పైకి లేచి రాకరు ఒక చివరను ఎత్తును. రాకరు ఏతము వంటిది. ఒక ప్రక్క లేచిన రెండవ ప్రక్క వంగి వాల్వు తలను నొక్కును. నొక్కుడు తీరిన తోడనే స్ప్రింగు వాల్వును తిరిగి సీటు మీదికి లాగుకొనును. క్రాంకు రెండు చుట్లు తిరిగినపుడు కామ్ షాఫ్టు ఒక చుట్టు తిరుగును. ఇంజను నిమిషమునకు 3000 చుట్లు తిరుగుచున్నప్పుడు ప్రతి వాల్వు సెకనుకు 25 సార్లు తెరచి మూసికొనుచున్నదన్నమాట.

చప్పుడు మేలా, నిశ్శబ్దము మేలా

రాకరు కొసకును వాల్వు తలకును నడుమ కొంచెము సందు ఉంచవలెను. ఈ ఇంజనుకు అది అంగుళములో వేయింట 15 వంతులు, అనగా 0.38 మిల్లీమీటరు. మెకానిక్కులు దీనినే పదిహేను థౌ అందురు. మీ కారు చేతిపుస్తకములో ఇంజను చల్లగా ఉన్నపుడు కొలువవలెనని ఉన్నదో, వేడిగా ఉన్నపుడని ఉన్నదో చూచి అట్లే చేయవలెను. ఒకసారి చల్లగా, మరొకసారి వేడిగా కొలిచినయెడల కొలతలకు పొత్తు కుదరదు.

ఈ సందు ఉన్నంత కాలము రాకరు వాల్వును తట్టునపుడు టిక్కు టిక్కు మను సన్నని చప్పుడు వచ్చును. కారు యజమానులలో చాలమందికి ఈ చప్పుడు సరిపడదు. “టాపెట్లు కొట్టుకొనుచున్నవి, బిగించు” మని మెకానిక్కును తొందర పెట్టుదురు. అతడు సందు తగ్గించును. ఇంజను నిశ్శబ్దమగును, యజమాని సంతోషించును, కొన్ని నెలలకు ఎగ్జాస్టు వాల్వు కాలిపోవును. పాత ఇంజనుల హెడ్డులు పాడగుటకు ఇంతకంటె సాధారణమైన దారి లేదని చెప్పవచ్చును. అందుచేత ఇది ఎట్లు జరుగునో కొంత వివరముగా తెలిసికొనుట మంచిది.

పూర్తి బరువుతో నడుచు ఇంజనులో ఎగ్జాస్టు వాల్వు తల 700 డిగ్రీల సెంటీగ్రేడు పరిసరములకు చేరును. ఆ వేడిని వదిలించుకొనుటకు దానికి రెండే దారులు. సీటు మీద కూర్చున్న క్షణములో అంచు ద్వారా హెడ్డులోనికి, అచ్చటినుండి నీటిలోనికి వేడి పోవును. ఇది పెద్ద దారి. కాడ ద్వారా గైడులోనికి పోవునది చిన్న దారి. వేడికి వాల్వు కాడ పొడవు పెరుగును. సందు చాలినంత లేనియెడల పెరిగిన కాడ రాకరునకు ఆని, వాల్వును సీటునుండి వెండ్రుక వాసి పైకి ఎత్తి ఉంచును. అప్పుడు పెద్ద దారి మూతపడినది. పైగా మండుచున్న వాయువు ఆ సన్నని సందులోనుండి వెల్డింగు మంటవలె దూరిపోవును. అంచున ఒకచోట చిన్న గంటు పడును. గంటు వెంట మరింత మంట పోవును. తుదకు ఎలుక కొరికిన అప్పచ్చివలె వాల్వు అంచు ఒక ముక్క మాయమగును.

సందు ఎక్కువైనపుడు కలుగు నష్టము ఇంత త్వరగా రాదు. చప్పుడు పెరుగును, వాల్వు కొంత ఆలస్యముగా తెరచి తొందరగా మూయుటచే బలము కొంత తగ్గును, రాకరు కొస అరుగును. కనుక చేతిలో కొలతబిళ్ళ లేక సందేహమున్నప్పుడు కొంచెము చప్పుడు చేయనిచ్చుటే మేలు.

చప్పుడు అంతయు వాల్వులది కాదని కూడ గుర్తుంచుకొనవలెను. ఎగ్జాస్టు మానిఫోల్డు గ్యాస్కెట్ చినిగి పొగ తన్నుచున్నపుడు అచ్చముగా టాపెట్ చప్పుడే వినిపించును. అయితే అది ఇంజను బరువు లాగునప్పుడు హెచ్చును. ముందుభాగమున గొలుసు గలగలలాడినయెడల టైమింగు చైనును చూడవలెను. పొడవైన స్క్రూడ్రైవరు కొసను అనుమానమున్న చోట ఆనించి పిడిని చెవి దగ్గర పెట్టుకొన్నయెడల చప్పుడు ఎచ్చటిదో చాలవరకు తెలియును. ఫ్యానునకు, బెల్టునకు దూరముగా ఉండవలెనని వేరుగా చెప్పనక్కరలేదు.

విప్పకముందే లోపము కనిపెట్టుట

ఇంజను ఒక సిలిండరు మీద కుంటుచున్నది, ఎత్తు ఎక్కలేకున్నది అన్నపుడు వెంటనే హెడ్డు విప్పించుట తగదు. ప్లగ్గు, తీగ, డిస్ట్రిబ్యూటరు మూత మొదట చూడవలెను. ఇవి బాగుగా ఉన్నయెడల కంప్రెషను పరీక్ష చేయవలెను.

పాత అంబాసిడర్లకు స్టార్టింగు హ్యాండిలు ఉండుట ఈ పరీక్షకు గొప్ప సదుపాయము. గేరు న్యూట్రలులో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, ఇగ్నిషను తాళము తీసివేసి హ్యాండిలును నెమ్మదిగా త్రిప్పవలెను. బొటనవ్రేలును మిగిలిన వ్రేళ్ళ వైపే ఉంచవలెను. పిడి చుట్టు మడచి పట్టినవారి వ్రేలు హ్యాండిలు వెనుకకు తన్నినపుడు విరిగిన సందర్భములు గలవు. రెండు చుట్లలో నాలుగు సార్లు చేతికి గట్టి అడ్డు తగులవలెను. మూడుసార్లు తగిలి ఒకసారి చేయి జారిపోయినట్లున్నయెడల ఆ సిలిండరులో గాలి ఎచ్చటనో తప్పించుకొనుచున్నది.

ఎచ్చటనో తెలిసికొనుటకు ఆ అడ్డు తగులు చోట హ్యాండిలును కొంచెము నొక్కిపట్టి మరియొకరిని చెవియొగ్గి వినుమనవలెను. కార్బురేటరులో సుస్సుమని వినిపించిన ఇన్లెట్ వాల్వు కారుచున్నది. సైలెన్సరు గొట్టము చివర వినిపించిన ఎగ్జాస్టు వాల్వు. ఆయిలు పోయు మూత తీసినచోట వినిపించిన రింగులు అరిగినవి. రేడియేటరు నీటిలో బుడగలు లేచిన హెడ్డు గ్యాస్కెట్ పోయినదో, హెడ్డు బీటలు వారినదో అనుమానించవలెను. కంప్రెషను గేజి ఉన్నవారు ప్లగ్గులన్నియు తీసి ఒక్కొక్క సిలిండరు కొలిచి, తక్కువ వచ్చినదానిలో ఒక చెంచాడు ఇంజను ఆయిలు పోసి మరల కొలువవలెను. అంకె బాగుగా పెరిగిన రింగుల దోషము. పెరగకున్న వాల్వుల దోషము.

ఇంకొక గుర్తు. రాత్రి నిలిపిన కారు ఉదయము స్టార్టు చేయగానే ఒక నిమిషము నీలిపొగ వదలి మానినయెడల వాల్వు గైడులు గాని, కాడలకు తొడుగు రబ్బరు సీళ్ళు గాని అరిగినవని ఊహించవచ్చును. ఎడతెగక నీలిపొగ వచ్చుట రింగుల పని. సీళ్ళు చవుక; రింగుల కంటె ముందు వానినే చూడవలెను.

సందు సరిచేయుట

కావలసినవి ఫీలరు గేజి, లాకు నట్టునకు సరిపడు స్పానరు, స్క్రూడ్రైవరు, రాకరు మూతకు క్రొత్త గ్యాస్కెట్. మూత తీయుటకు ముందు దాని చుట్టును మట్టి తుడిచివేయవలెను. మన బాటల దుమ్ము లోపల పడినయెడల మేలు కంటె కీడే హెచ్చు.

రేడియేటరు వైపునుండి వాల్వులను 1 నుండి 8 వరకు లెక్కింపవలెను. 1, 4, 5, 8 ఎగ్జాస్టు వాల్వులు. 2, 3, 6, 7 ఇన్లెట్ వాల్వులు. ఒక వాల్వును కొలువవలెనన్న దాని టాపెట్ కామ్ మెట్టకు సరిగా వెనుకవైపున ఉండవలెను. దీనికి తొమ్మిది లెక్క అను సులువు ఉన్నది. పూర్తిగా తెరచుకొన్న వాల్వు అంకెను తొమ్మిదిలోనుండి తీసివేయగా వచ్చినదే అప్పుడు కొలువవలసిన వాల్వు. 8 తెరచి ఉన్నపుడు 1, తరువాత 6 తెరచి ఉన్నపుడు 3, 4 తెరచి ఉన్నపుడు 5, 7 తెరచి ఉన్నపుడు 2, ఆపైన 1 తెరచి ఉన్నపుడు 8, 3 తెరచి ఉన్నపుడు 6, 5 తెరచి ఉన్నపుడు 4, చివరకు 2 తెరచి ఉన్నపుడు 7. ఈ వరుసలో పోయినయెడల క్రాంకును రెండు చుట్లు త్రిప్పగానే ఎనిమిదియు పూర్తియగును. ప్లగ్గులు తీసి ఉంచినయెడల హ్యాండిలు తేలికగా తిరుగును.

బిళ్ళ సందులో దూరి, లాగునపుడు చేతికి కొంచెము పట్టు తెలియవలెను. పట్టు ఎక్కువైన, తక్కువైన లాకు నట్టు వదులు చేసి స్క్రూ త్రిప్పవలెను. స్క్రూను కదలకుండ పట్టుకొని నట్టు బిగించి, మరల కొలువవలెను. నట్టు బిగియునపుడు స్క్రూ ఒకటి రెండు థౌ తిరుగుట సామాన్యము. మరల కొలువనివారి పని సగము పనియే.

ఒక మోసము ఇచ్చట ఉన్నది. చాలకాలము నడిచిన రాకరు కొసలో వాల్వు కాడ వెడల్పున చిన్న గుంట పడును. వెడల్పు బిళ్ళ ఆ గుంట అంచుల మీదనే నిలిచి, 15 థౌ చూపును. గుంటలో నిజమైన సందు 20 కావచ్చును. ఎంత సరిచేసినను చప్పుడు తగ్గని వాల్వు సంగతి తరచు ఇదియే. అట్టిచోట బిళ్ళను నమ్మి మరింత బిగించుటకు బదులు రాకరును మార్చుట గాని, కొసను మిషను మీద సాన పట్టించుట గాని చేయవలెను. చేతి ఆకురాయితో ఆ వంపు సరిగా రాదు.

సరిచేయుటకు ముందు ఉన్న సందును ఒక నోటుపుస్తకములో వ్రాసికొనుట మిక్కిలి అవసరము. తేదీ, మీటరు అంకె, ఎనిమిది కొలతలు చాలును. సందు పెరుగుచున్నదా, తగ్గుచున్నదా అను దానినిబట్టి ఇంజను లోపల ఏమి జరుగుచున్నదో తెలియును. పెరుగుచున్నయెడల రాకరు, పుష్ రాడ్డు, కామ్ మెట్ట ఏదో ఒకటి అరుగుచున్నది. తగ్గుచున్నయెడల వాల్వు సీటులోనికి దిగిపోవుచున్నది. ఈ రెండవదానికి 2000వ సంవత్సరము తరువాత ప్రాముఖ్యము వచ్చినది.

సీసము లేని పెట్రోలు

పూర్వము పెట్రోలులో సీసము కలిపెడివారు. ఇంజను కొట్టుకొనకుండుట దాని ముఖ్య ప్రయోజనము. అయితే కాలిన సీసపు బూడిద వాల్వు అంచుల మీద పలుచని పొరగా పేరుకొని, వాల్వు సీటునకు అంటుకొనకుండ కాపాడెడిది. సీసము మనుష్యులకు, ముఖ్యముగా పిల్లలకు విషము. కనుక మన దేశమున 1995లో నాలుగు మహానగరములలో సీసము లేని పెట్రోలు ప్రవేశపెట్టి, 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటను సీసపు పెట్రోలు నిలిపివేసిరి. అది జరుగవలసిన పనియే.

కాని పాత అంబాసిడర్ హెడ్డులో సీట్లు విడిగా పొదిగినవి కావు. హెడ్డు పోత ఇనుములోనే కోసినవి. సీసపు పొర లేనప్పుడు ఎర్రని ఎగ్జాస్టు వాల్వు సీటు మీద పడిన ప్రతిసారి ఇనుము రేణువులు అంటుకొని, విడుచునపుడు పెరుకుకొనివచ్చును. సీటు క్రమముగా గుంటపడి వాల్వు లోనికి దిగును. వాల్వు దిగినకొలది దాని కాడ పైకి లేచి రాకరు సందును మ్రింగివేయును. తరువాత జరుగునది పైన చెప్పినదే. చప్పుడు తగ్గినదని యజమాని మురియుచుండగా వాల్వు కాలుచుండును.

ఇందుకు భయపడి బాగుగా నడుచుచున్న ఇంజనును విప్పించనక్కరలేదు. సీటు దిగుట వేగము మీదను, బరువు మీదను ఆధారపడును. ఊరికిని మార్కెట్టునకును నడుమ తిన్నగా తిరుగు బండిలో ఇది మిక్కిలి నెమ్మదిగా జరుగును. జాతీయ రహదారి మీద బరువుతో గంటల తరబడి పరుగెత్తు బండిలో త్వరగా జరుగును. ప్రతి 5000 కిలోమీటర్లకు ఒకసారి సందు కొలిచి వ్రాయుచుండిన చాలును. 15 పెట్టిన ఎగ్జాస్టు వాల్వు ప్రతిసారి 10, 9 చూపుచున్నయెడల మాత్రము హెడ్డు దింపు ఏర్పాటు చేసికొనవలెను.

అట్లు దింపినప్పుడు ఎగ్జాస్టు సీట్లు తొలిపించి గట్టి ఉక్కు రింగులు పొదిగించుట శాశ్వతమైన మార్గము. ఇది ఇంజను పని చేయు పెద్ద షాపులో, సరియైన మిషను మీద జరుగవలెను. రింగు వదులైన అది నడుచు ఇంజనులో ఊడిపడి పిస్టనును పగులగొట్టును. తొలుపు లోతైన నీటి గది బయటపడును. తక్కువ కూలికి చేయుదునను వానికంటె ఇంతకుముందు అట్టి హెడ్డులు చేసి చూపగల వాని వద్దకు పోవుట మేలు. దానితోపాటు సీసము లేని పెట్రోలునకు తగిన గట్టి ముఖము గల ఎగ్జాస్టు వాల్వులు వేయించవలెను.

పెట్రోలులో ఇప్పుడు ఇథనాల్ కూడ కలియుచున్నది. 2025 నాటికి దేశములో ఈ కలయిక 20 శాతమునకు చేరినది. మన చెరకు, మొక్కజొన్న, నూకలనుండి వచ్చునదే కనుక రైతునకు ఇది పరాయి వస్తువు కాదు. అయితే పాత కార్బురేటరుకు ఈ పెట్రోలుతో మిశ్రమము కొంచెము పలుచబడును. పలుచని మిశ్రమము నెమ్మదిగా మండి ఎగ్జాస్టు వాల్వు వేడిని పెంచవచ్చును. పాత రబ్బరు గొట్టములు కూడ మెత్తబడి పగులును. గొట్టములను మార్చుకొని, కార్బురేటరును తెలిసినవానిచే సరిచేయించవలెను. ఖర్చు కలిసివచ్చునని పెట్రోలులో కిరసనాయిలు కలుపుట మాత్రము ఇంజనుకు పగ. ఇంజను కొట్టుకొనును, వాల్వులకు మసి పట్టును.

హెడ్డు దింపుట, వాల్వులు నూరుట

రాకరు స్తంభములను హెడ్డునకు బిగించు నట్లలో నాలుగు హెడ్డును దిమ్మెకు బిగించు నట్లు కూడ అయి ఉన్నవి. ఇది తెలియక రాకరు వరుసను మాత్రము తీయబోయి ఆ నాలుగింటిని విప్పినయెడల హెడ్డు ఒకప్రక్క లేచి వంగును, నీరు సిలిండరులోనికిని ఆయిలులోనికిని దిగును. కనుక రాకరు వరుస తీయవలసి వచ్చినపుడు ముందుగా నీరు దింపి, హెడ్డు నట్లన్నింటిని వరుసగా కొంచెము కొంచెము వదులు చేయవలెను. ఇంజను పూర్తిగా చల్లారిన పిమ్మటనే ఈ పని. బ్యాటరీ తీగ తీసివేయుట, కార్బురేటరు, మానిఫోల్డులు విప్పుట అందరకు తెలిసినవే.

పుష్ రాడ్డులను తీయునపుడు ఒక్కొక్కదానిని కొంచెము త్రిప్పి విదిలించి తీయవలెను. లేనియెడల ఆయిలు జిగటకు టాపెట్ కూడ అంటుకొని పైకి వచ్చి ప్రక్కకు పడును. ఒక అట్టముక్కకు ఎనిమిది రంధ్రములు చేసి, అంకెలు వేసి, వరుస తప్పకుండ గ్రుచ్చి ఉంచవలెను. ఒకదానితో ఒకటి అరిగి ఒదిగిన భాగములను మార్చి వేయరాదు. రాడ్డును అద్దము మీద దొర్లించినయెడల వంకర తెలియును. వంగిన రాడ్డును సుత్తితో సరిచేయుట కంటె క్రొత్తది వేయుట నయము. అది ఎందుకు వంగెనో కూడ ఆలోచింపవలెను, ఏలయన గైడులో పట్టుకొన్న వాల్వే సామాన్యముగా అందుకు కారణము.

రాకరు షాఫ్టు లోపల బోలు. ఆయిలు ఒక స్తంభములోని రంధ్రమునుండి ఎక్కి, షాఫ్టులో పారి, చిన్న రంధ్రముల ద్వారా రాకరులకు చేరును. ఆయిలు మార్చని ఇంజనులలో ఈ రంధ్రములు నల్లని మడ్డితో పూడియుండును. షాఫ్టు అడుగుభాగము అరిగి మెట్టు పడును. వ్రేలిగోటికి మెట్టు తగిలినయెడల షాఫ్టును, రాకరు బుష్షులను కలిపి మార్చవలెను.

హెడ్డు ఎత్తునప్పుడు నడుమ ఉలి గాని స్క్రూడ్రైవరు గాని దూర్చరాదు. కొయ్య సుత్తితో ప్రక్కల తట్టిన కదలును. దించిన హెడ్డులో మొదట చూడవలసినవి 4, 5 వాల్వులు. రెండవ, మూడవ సిలిండరుల ఎగ్జాస్టు వాల్వులగు ఈ రెండును ఒకే పొగదారికి తెరచుకొనును. అచ్చట వేడి హెచ్చు. సీట్ల నడుమ సన్నని బీటలున్నవేమో, మసి గీకి, కిరసనాయిలుతో కడిగి, వెలుతురులో చూడవలెను. హెడ్డు అడుగున ఉక్కు బద్ద పెట్టి సమముగా ఉన్నదో లేదో పరీక్షింపవలెను.

వాల్వు అంచు కాలి గంటుపడినను, కాడ అరిగి మెట్టు పడినను, సాన పట్టగా తల అంచు కత్తివాదరవలె పలుచబడినను ఆ వాల్వును పారవేయవలెను. పలుచని అంచు ఎర్రబడి మరల కాలును. బాగుగా ఉన్నదానిని సీటుతో నూరవచ్చును. 45 డిగ్రీల అంచునకు కొంచెము గ్రైండింగు పేస్టు పూసి, రబ్బరు చూషకము గల కర్రను వాల్వు తలకు అంటించి, కవ్వము త్రిప్పినట్లు రెండు అరచేతుల నడుమ ఇటునటు త్రిప్పవలెను. నాలుగైదు సార్లకు ఒకసారి వాల్వును ఎత్తి పావు చుట్టు జరిపి మరల త్రిప్పవలెను. తెగని బూడిదరంగు వలయము చుట్టును ఒకే వెడల్పున వచ్చినంతనే ఆపవలెను. ఇంకను నూరిన మంచిదను భ్రమ కూడదు. సీటు వెడల్పై లోతు పెరుగును. ఇదివరకే గుంటపడిన సీటును పేస్టుతో బాగుచేయ చూచుట గోతిని ఇంకను త్రవ్వుటయే.

గైడులు మార్చవలసి వచ్చినయెడల ముందు గైడు, తరువాత సీటు కోత, చివర నూరుడు. గైడు మారగానే వాల్వు నడిబొడ్డు కొద్దిగా మారును, పాత సీటు దానికి సరిపోదు. స్ప్రింగులను క్రొత్త స్ప్రింగు ప్రక్కన నిలబెట్టి చూచి, కురచబడినవానిని మార్చవలెను.

పేస్టు రవ్వ ఒక్కటియు మిగులకుండ కడుగుట అన్నింటికంటె ముఖ్యము. ఇంజనులోనికి పోయిన ఆ రవ్వలు సిలిండరును నూరును. వాల్వులు, స్ప్రింగులు బిగించిన పిమ్మట హెడ్డును తలక్రిందుగా పెట్టి, ప్లగ్గులు ఎక్కించి, గుంటలలో కిరసనాయిలు పోయవలెను. పావుగంట గడచినను పోర్టులలో తడి కనబడనియెడల పని కుదిరినది.

కామ్, టాపెట్

సందు సరిగానున్నది, వాల్వులు కారుట లేదు, అయినను ఒక సిలిండరు బలహీనము అన్నపుడు రాకరు కొస ఎంత క్రిందికి దిగుచున్నదో ఎనిమిదింటికిని వెర్నియరుతో కొలిచి పోల్చవలెను. ఒకటి మిగిలినవానికంటె స్పష్టముగా తక్కువ దిగినయెడల కామ్ మెట్ట అరిగినది. ఇంజను ప్రక్కనున్న రేకు మూతలు తీసి టాపెట్లను చూడవచ్చును. అడుగు మశూచి మచ్చలవలె గుంటలు పడియుండిన కామ్ షాఫ్టును, టాపెట్లను కలిపి మార్చవలెను. పాత కామ్ మీద క్రొత్త టాపెట్, క్రొత్త కామ్ మీద పాత టాపెట్ నిలువవు. క్రొత్త కామ్ వేసినపుడు దానికి ఆయిలు బాగుగా పట్టించి, స్టార్టు అయిన తోడనే ఇరువది నిమిషములు సుమారు 2000 చుట్ల వేగమున నడుపవలెను. నెమ్మది వేగమున కామ్ మీదికి ఆయిలు చాలినంత చిమ్మదు.

ఆయిలు విషయమున క్రొత్త కార్లకు వచ్చు పలుచని ఆయిలు ఖరీదైనదని ఇందులో పోయరాదు. టాపెట్ కామ్ మీద రాసికొను పాత ఇంజనుకు అరుగుదల నాపు జింకు, భాస్వరము కలిసిన మందు ఎక్కువ కావలెను. పొగను శుద్ధిచేయు పరికరము చెడిపోవునని పలుచని క్రొత్త ఆయిళ్ళలో దానిని తగ్గించిరి. 20డబ్ల్యు-40 లేక 20డబ్ల్యు-50 రకము ఈ ఇంజనుకు తగినది.

తిరిగి బిగించుట

దిమ్మె పైభాగము శుభ్రముగా తుడిచి క్రొత్త గ్యాస్కెట్ వేయవలెను. పాతది ఎంత బాగుగా కనబడినను పనికిరాదు. నట్లను నడుమనుండి మొదలుపెట్టి చుట్లు చుట్టుచు అంచులకు పోవునట్లు, మూడు విడతలుగా, టార్కు స్పానరుతో చేతిపుస్తకములోని అంకె వరకు బిగించవలెను. స్తంభముల చిన్న నట్లకు తక్కువ బిగువు చాలును. వాని అంకె వేరుగా ఇచ్చియుందురు. తరువాత సందులు సరిచేసి, నీరు పోసి, రాకరు మూత తెరచియుంచియే ఇంజనును నెమ్మదిగా నడిపి ఎనిమిది రాకరులకును ఆయిలు వచ్చుచున్నదో లేదో చూడవలెను. ఏ ఒక్కదానికి రాకున్నను అప్పుడే ఆపి రంధ్రము శుభ్రము చేయవలెను.

గ్యాస్కెట్ వేడికి అణగును గనుక సుమారు 300 కిలోమీటర్లు నడిచిన పిమ్మట చల్లని ఇంజనులో హెడ్డు నట్ల బిగువు మరల చూచి, ఆ తరువాతనే సందులు మరల కొలువవలెను. నట్లు బిగిసిన కొలది హెడ్డు దిగి సందు మారును. కనుక ఈ వరుసను తారుమారు చేయరాదు. ఆ రోజు కొలిచిన ఎనిమిది అంకెలను నోటుపుస్తకములో క్రొత్త పుట మీద మొదటి వరుసగా వ్రాసి, 5000 కిలోమీటర్ల తరువాత తీయు కొలతలను వాని క్రింద వ్రాయవలెను.